జీఆర్ఈలో ఆ అరగంట

ఆంధ్రప్రదేశ్ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో 160 ప్రశ్నలుంటాయి. లెక్కలవి 80, ఫిజిక్సువి 40, కెమిస్ట్రీవి 40. మూడు గంటల పాటు నాలుగు జవాబుల్లోంచి ఒకటి ఎంచుకుంటూ పోవడమే పని. ఒక్క వాక్యం కూడా సొంతంగా రాయనక్కర్లేదు. జేఈఈ మెయిన్‌లోనూ వ్యాసం లేదు. రాజాం, బొబ్బిలి, టెక్కలి, పలాస వైపు పిల్లలకు ఇంటర్మీడియట్ రెండేళ్ళూ ఈ పరీక్షలతోనే గడిచిపోతాయి. ఆ తర్వాత నాలుగేళ్ళ బీటెక్‌లో రాసేవి ల్యాబ్ రికార్డులు, పరీక్ష ముందు రాత్రి బట్టీపట్టిన యూనిట్ జవాబులు. అక్కణ్ణించి, అమెరికాలో పైచదువులకు రాసే జీఆర్ఈ గదిలోకి వెళ్ళి కూర్చుంటే, తెర మీద అన్నిటికన్నా ముందు వచ్చేది వ్యాసం. ఒక అభిప్రాయం ఇచ్చి, దాంతో ఎంతవరకు ఏకీభవిస్తారో కారణాలతో చెప్పమంటారు. అరగంట టైము.

"నువ్వేమనుకుంటున్నావు?" అని ఒక పరీక్ష తమను అడగడం చాలామందికి అదే మొదటిసారి.

అందుకే లెక్కల భాగమైన క్వాంట్‌లో 165 దాటినవాళ్ళ చేతికి కూడా రాతలో 2.5, 3 వచ్చిన కాగితం అందుతూ ఉంటుంది. కొందరు దాన్ని పట్టించుకోరు, సీటు వచ్చేసింది కదా అనుకుంటారు. 2020 తర్వాత జీఆర్ఈ అడగడం మానేసిన విశ్వవిద్యాలయాలు చాలానే ఉన్నాయి కాబట్టి ఆ నిశ్చింత కొంతవరకు సబబే. కానీ అమెరికాలో విమానం దిగాక ఆ మార్కు మళ్ళీ ఎదురుపడే సందర్భాలున్నాయి. ఎమ్మెస్ అయ్యాక పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టేవాళ్ళకు, భర్త ఉద్యోగం వల్ల హెచ్4 వీసా మీద వచ్చి ఇక్కడ చదువు మొదలుపెట్టాలనుకునే ఆడపిల్లలకు, ఇంగ్లీషు మెరుగుపరుచుకోవాలన్న షరతు మీద సీటు వచ్చినవాళ్ళకు ఆ రాత మార్కు పెంచుకోవలసిన అవసరం పడుతుంది. ఈ మాటలు ముఖ్యంగా వాళ్ళ కోసం.

ముందు పరీక్ష సంగతి స్పష్టంగా తెలియాలి. మన సీనియర్లు చెప్పే వివరాలు చాలావరకు పాతబడ్డాయి. 2023 సెప్టెంబరు 22కు ముందు జీఆర్ఈలో రెండు వ్యాసాలుండేవి. ఇచ్చిన అభిప్రాయం మీద సొంత వాదన ఒకటి, మరొకరి వాదనలో లోపాలు ఎత్తిచూపేది ఇంకొకటి. ఆ రెండోదాన్ని తీసేశారు. మొత్తం పరీక్ష కూడా గంటా 58 నిమిషాలకు తగ్గింది. కాబట్టి ఇంట్లో అన్నయ్య దాచిన పాత పుస్తకంలో సగం ఇప్పుడు పనికిరాదు. మార్కు సున్నా నుంచి ఆరు దాకా, అర చొప్పున పెరుగుతుంది. వ్యాసాన్ని శిక్షణ పొందిన మనిషి ఒకరు చదివి మార్కు వేస్తారు, ఈ-రేటర్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం కూడా వేస్తుంది. రెండూ దగ్గరగా ఉంటే సగటు తీస్తారు. తేడా ఎక్కువైతే రెండో మనిషి చదువుతారు, అప్పుడు ఇద్దరు మనుషుల సగటే లెక్క. వెర్బల్, క్వాంట్ మార్కులు పరీక్ష అయిన వెంటనే తెర మీద కనబడతాయి గానీ రాత మార్కు కోసం కొన్ని రోజులు ఆగాల్సిందే. మళ్ళీ రాయాలంటే 21 రోజుల ఎడం ఉండాలి, ఏడాదిలో అయిదుసార్లకు మించకూడదు. మార్కులు అయిదేళ్ళు చెల్లుతాయి.

అన్నిటికన్నా విలువైన విషయం ఒకటుంది, దాన్ని వాడుకునేవాళ్ళు తక్కువ. పరీక్ష నడిపే ఈటీఎస్ సంస్థ వ్యాసానికి వచ్చే అంశాల జాబితా మొత్తాన్ని ముందే బయటపెట్టింది. పరీక్షలో వచ్చేది అందులోంచే. చదువు, ప్రభుత్వం, సాంకేతికత, కళలు, నాయకత్వం, నగరాల చుట్టూ ఆ అంశాలు తిరుగుతాయి. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

జాబితా చేతికి రాగానే మనవాళ్ళు చేసే మొదటి పని వ్యాసాలు బట్టీ పట్టడం. కోచింగ్ సెంటర్లు కూడా అదే నేర్పుతున్నాయి. మొదటి పేరాకు ఒక అచ్చు, చివరి పేరాకు ఒక అచ్చు, మధ్యలో అబ్దుల్ కలాం, వివేకానందుడు, స్టీవ్ జాబ్స్. అంశం ఏదైనా ఆ ముగ్గురే. వందల మంది ఒకే అచ్చు వాడితే పట్టుకోవడానికి ఈటీఎస్ దగ్గర వ్యాసాల మధ్య పోలికలు చూసే సాఫ్ట్‌వేర్ ఉంది. పోలిక బలంగా ఉంటే మార్కులు రద్దు చేసే అధికారం కూడా వాళ్ళకుంది. దొరక్కపోయినా లాభం లేదు. అరువు మాటల వెనక ఆలోచన లేదని చదివే మనిషికి రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది.

ఈ జబ్బు కొత్తది కాదు, విజయనగరానికి, శ్రీకాకుళానికి అసలే కొత్తది కాదు. పరీక్షలో వ్యాసం ఎలా రాయాలన్న దాని మీద తెలుగునాట జరిగిన అతి పెద్ద పోరాటం ఈ రెండు ఊళ్ళ మనుషులే నడిపారు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, విజయనగరం గురజాడ అప్పారావు ఒకే బడిలో చదువుకున్నారు. అప్పటి పిల్లలు స్కూల్ ఫైనల్లోనూ, ఇంటర్మీడియట్‌లోనూ తెలుగు వ్యాసాన్ని ఎవరూ మాట్లాడని గ్రాంథికంలో రాయాలి. మాట్లాడే భాషను పక్కనపెట్టి పుస్తకంలోంచి వాక్యాలు ఎత్తి అతికించడమే రచన అయిపోయింది. స్కూళ్ళ ఇన్స్పెక్టరుగా విశాఖపట్నం వచ్చిన జె.ఎ. యేట్స్, అక్కడి ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఈ ఇద్దరితో చేయి కలిపారు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రచనల్లోనే వాళ్ళ వ్యాకరణం ప్రకారం ఎన్ని తప్పులున్నాయో గిడుగు ఏరి చూపించారు. బడిపిల్లలు తప్పులు రాస్తున్నారని కోప్పడే పెద్దలే ఆ భాషను తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని దానర్థం.

ఇంటర్మీడియట్ వ్యాసం ఏ తెలుగులో ఉండాలో తేల్చడానికి మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో గురజాడ సభ్యులు. ఎక్కువమంది గ్రాంథికం వైపే నిలిచారు. గురజాడ 1914లో తన అసమ్మతి పత్రాన్ని ఇంగ్లీషులో రాసి ఇచ్చారు. ఆ పత్రం ఇవాళ జీఆర్ఈకి చదివే పిల్లలకు ఏ కోచింగ్ నోట్సు కన్నా ఎక్కువ నేర్పుతుంది. పెద్ద పెద్ద మాటలతో ఊదరగొట్టకుండా, ఎదుటివాళ్ళు చెప్పిన ఒక్కొక్క వాదం తీసుకుని, పాత గద్యం నుంచీ భాషా చరిత్ర నుంచీ ఆధారాలు చూపుతూ జవాబిస్తారు. ఆ విడత ఆయన ఓడిపోయారు. మరుసటి ఏడు నవంబరులో కన్నుమూశారు. ఇవాళ మనం పత్రికల్లో, పుస్తకాల్లో రాస్తున్నది మాత్రం ఆయనా గిడుగూ అడిగిన తెలుగే. మాతృభాష తెలుగు అయిన మనిషి విజయనగరంలో కూర్చుని ఇంగ్లీషులో ఇంత గట్టిగా వాదించగలిగాడంటే, రాత మార్కు తక్కువ రావడానికి పుట్టిన ఊరు కారణం కాదని తేలుతోంది.

మరి కారణం ఏమిటి? ఈటీఎస్ కొలమానం చూస్తే తెలుస్తుంది. నాలుగు వచ్చిన వ్యాసం సమర్థమైనదనీ, మూడు వచ్చినది పరిమితమైనదనీ అంటారు. ఆరు వచ్చిన వ్యాసంలో కూడా చిన్నాచితకా భాషాదోషాలు ఉండవచ్చని ఆ కొలమానమే ఒప్పుకుంటుంది. మూడుకూ అయిదుకూ తేడా వచ్చేది వాదన దగ్గర. వైఖరి స్పష్టంగా ఉందా? కారణం చెప్పి వదిలేశారా, ఉదాహరణతో పెంచారా? ఈ మాట ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు అన్నది చూశారా? అంశం కింద ఇచ్చిన సూచనకు జవాబిచ్చారా? ఈ చివరిదాన్ని హడావుడిలో వదిలేసేవాళ్ళు చాలామంది. కింది సూచన ఒక్కో అంశానికి ఒక్కో రకంగా ఉంటుంది. ఒకచోట ఎదుటి వాదం కూడా తీసుకోమంటుంది, ఇంకోచోట ఆ సలహా పాటిస్తే ఏమవుతుందో చెప్పమంటుంది. పైవాక్యం చదివి కింది సూచన చదవకుండా మొదలుపెడితే ఎంత మంచి ఇంగ్లీషైనా మార్కు కిందికే జారుతుంది.

ఒక అంశం పట్టుకుని చూద్దాం. కళలకు ప్రభుత్వం డబ్బు పెట్టాలా వద్దా అన్నది ఆ జాబితాలో తరచూ కనబడే రకం. మూడు మార్కుల వ్యాసం ఇలా నడుస్తుంది: కళలు సంస్కృతికి ప్రాణం, అవి లేని దేశం వెనకబడుతుంది, కాబట్టి ప్రభుత్వం తప్పక డబ్బు పెట్టాలి. ఇదే మాట మూడు పేరాల్లో మూడు రకాలుగా తిరిగి వస్తుంది.

ఇప్పుడు విజయనగరం పిల్ల తన ఊరి నుంచే రాయడం మొదలుపెడితే ఏమవుతుందో చూడండి. 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి ప్రిన్సిపల్, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు. చేతిలో పైసా లేని ఘంటసాల ఇక్కడికొచ్చి మధుకరం ఎత్తుకుంటూ సంగీతం నేర్చుకున్నారు. పి. సుశీల కూడా ఇక్కడే చదివారు. టిక్కెట్ల మీద వచ్చే డబ్బుతో మాత్రమే కళ బతకాలంటే ఆ రోజుల్లో ఘంటసాలకు గురువు దొరికేవాడు కాదు. ఇది ఒక కారణం, దానికో రుజువు. కానీ ఆ కాలేజీ పెట్టింది ప్రభుత్వం కాదు, సంస్థానం. అంటే పోషణ కావాలనడం నిజం, అది ప్రభుత్వమే ఇవ్వాలనడం దీంతో రుజువు కాలేదు. ఇలా తన ఉదాహరణకు తనే అడ్డు ప్రశ్న వేసుకోవడంతో వ్యాసం మూడు నుంచి పైకి లేస్తుంది. తర్వాతి మెట్టు కూడా అక్కడే ఉంది. 1948 చట్టంతో విజయనగరం లాంటి జమీందారీలు పోయాయి. ఒక కుటుంబం దయ మీద ఆధారపడిన సంస్థ ఆ కుటుంబం పరిస్థితి మారగానే ఏమవుతుంది? ఇప్పుడది ప్రభుత్వ కళాశాల. కాబట్టి మొదలుపెట్టడం ఎవరైనా చేయవచ్చు, నిలబెట్టడానికి ప్రజల డబ్బు కావాలి అన్న వైఖరి ఈ ఒక్క ఉదాహరణలోంచే పుడుతుంది. దీన్ని మామూలు ఇంగ్లీషులో, చిన్న వాక్యాల్లో రాసినా చాలు.

ఈ జిల్లాల్లో ఇలాంటి సరుకు ఎంత ఉందో అక్కడ పుట్టినవాళ్ళకే తెలియదు. సాంకేతికత మన సమస్యలన్నీ తీరుస్తుందా అన్న అంశానికి 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉంది. ముందు హెచ్చరిక ఉంటే మనుషుల్ని తరలించవచ్చు. ఉద్దానంలో కూలిపోయిన కొబ్బరి, జీడి తోటల్ని తరలించలేం. కొత్త కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. పర్యావరణం కోసం చట్టాలు ముఖ్యమా, జనం నమ్మకాలు ముఖ్యమా అంటే టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. ఏటా అక్కడికి వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు కట్టే పక్షుల్ని ఊరివాళ్ళు తమ ఇంటి శుభంగా చూసుకుంటారు. దేశాల మధ్య సహకారం గురించి అడిగితే, గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి పడవల మీద పనిచేస్తూ 2018లో పాకిస్తాన్‌కు చిక్కి 2020 జనవరిలో ఇంటికొచ్చిన మన మత్స్యకారులున్నారు. పేపరు దిద్దే అమెరికన్‌కు ఈ ఊళ్ళ పేర్లు తెలియాల్సిన పనిలేదు. ఊరు ఎక్కడుందో సగం వాక్యంలో చెప్పి, ఏం జరిగిందో సూటిగా చెబితే, స్టీవ్ జాబ్స్ గురించి ఆ రోజు చదివిన నలభయ్యో వ్యాసం తర్వాత దాని విలువ అతనికి తెలుస్తుంది.

సాధన కూడా దీనికి తగ్గట్టే ఉండాలి. జాబితాలోంచి రోజుకో అంశం తీసి, ముందు వ్యాసం రాయకుండా, తెలుగులోనే పది నిమిషాలు ఎవరితోనైనా వాదించాలి. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఒక అపార్టుమెంటులో నలుగురైదుగురు మనవాళ్ళే ఉంటారు, వంటింట్లో కూర తిరగమోత వేస్తూ వాదించుకోవచ్చు. ఒకరు ఔనంటే ఇంకొకరు కావాలనే కాదనాలి. వైఖరి, రెండు కారణాలు, ఒక అడ్డు ప్రశ్న తేలాక ఇంగ్లీషులో కూర్చోవాలి. ఆలోచన తెలుగులో జరగడం తప్పేమీ కాదు. చేతిలో ఏ ఆలోచనా లేకుండా ఇంగ్లీషు వాక్యం మొదలుపెట్టడమే ప్రమాదం.

టైపింగ్ కూడా చూసుకోవాలి. పరీక్షలో ఇచ్చే ఎడిటర్లో కత్తిరించడం, అతికించడం, వెనక్కి తీసుకోవడం ఉంటాయి గానీ స్పెల్లింగు సరిచేసేది ఉండదు. ఫోను దిద్దిపెట్టే అలవాటున్నవాళ్ళు నోట్‌ప్యాడ్ మీద రాయడం నేర్చుకోవాలి. అరగంటలో ఆలోచనకు అయిదు నిమిషాలు, చివర్లో చదువుకోవడానికి అయిదు నిమిషాలు తీస్తే రాతకు ఇరవై మిగులుతాయి. అందులో నాలుగైదు వందల మాటలు వస్తే బాగానే ఉన్నట్టు. రెండు వేళ్ళతో కొట్టేవాళ్ళ ఆలోచన ఎంత గొప్పదైనా సగం తలలోనే ఉండిపోతుంది. చివరి అయిదు నిమిషాల్లో మనకు అలవాటైన తప్పులే వెతకాలి. 'డిస్కస్ అబౌట్', 'ఐ యామ్ హావింగ్', కర్త ఏకవచనమై క్రియ బహువచనం కావడం, 'ఎ', 'ది' ఎగిరిపోవడం లాంటివి. ఎవరి తప్పుల చీటీ వాళ్ళే రాసిపెట్టుకుంటే పది వ్యాసాల తర్వాత అవే నాలుగైదు మళ్ళీ మళ్ళీ కనబడతాయి.

ఇంగ్లండు, ఆస్ట్రేలియా, కెనడా వెళ్ళేవాళ్ళకు ఐఈఎల్‌టీఎస్ ఎదురవుతుంది. అందులో రెండు రాతలు: 150 మాటలకు తగ్గకుండా ఒకటి, 250కి తగ్గకుండా వ్యాసం. మొత్తం గంట. రెండోదానికి రెట్టింపు విలువ కాబట్టి దానికి నలభై నిమిషాలు మిగుల్చుకోవాలి. కంప్యూటర్ మీద రాసినవాళ్ళకు, ఆ సదుపాయం ఉన్న దేశాల్లో, రాత ఒక్కటే 60 రోజుల్లోపు మళ్ళీ రాసుకునే వీలుంది. తాము చేరబోయే విశ్వవిద్యాలయం దాన్ని ఒప్పుకుంటుందో లేదో ముందు కనుక్కోవాలి. టోఫెల్ 2026 జనవరి నుంచి మారిపోయింది. రాత భాగంలో ఇప్పుడు ఈమెయిల్ రాయడం కూడా ఉంది, మార్కులు ఒకటి నుంచి ఆరు దాకా ఇస్తున్నారు. పాత పుస్తకాలతో దానికి తయారవ్వడం వృథా.

పరీక్ష అయిపోతే రాత అయిపోదు. మొదటి సెమిస్టర్లోనే ప్రొఫెసర్ మూడు పేజీల స్పందన అడుగుతారు, అందులో కావలసింది మళ్ళీ అదే, మన వైఖరి. అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్ళకు దొరికే అతి మంచి సాయం రైటింగ్ సెంటర్. దాదాపు ప్రతి విశ్వవిద్యాలయంలో ఉంటుంది. విద్యార్థులకు సాధారణంగా ఉచితం, ముందుగా టైము బుక్ చేసుకుంటే చాలు. అక్కడివాళ్ళు తప్పులు దిద్ది పంపరు. ఈ పేరాతో ఏం చెప్పదలిచావు, దీనికి ఆధారమేది అని అడుగుతారు. మొదటిసారి వెళ్ళిన మన పిల్లలు నిరాశపడి మళ్ళీ వెళ్ళరు. మళ్ళీ వెళ్ళాలి. జీఆర్ఈ సాధన వ్యాసం తీసుకెళ్ళినా చూస్తారేమో అడిగి తెలుసుకోవచ్చు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. మన దగ్గర స్నేహితుడి రికార్డు చూసి రాయడాన్ని ఎవరూ నేరంగా చూడరు. అమెరికాలో సీనియరు అసైన్‌మెంటులోంచి ఒక పేరా ఎత్తితే క్రమశిక్షణ విచారణ జరుగుతుంది. సస్పెండ్ అయితే ఎఫ్1 వీసా హోదాకే ముప్పు. ఏఐతో రాయించడం గురించి చాలా కోర్సుల సిలబస్‌లో నియమం ఉంటుంది, మొదటి వారంలోనే అది చదవాలి. మూలం చెప్పి రెండు వాక్యాలు తీసుకోవడానికి ఎవరూ అడ్డురారు.

హైస్కూలు వయసు పిల్లలతో వచ్చిన కుటుంబాలకు పరిస్థితి వేరు. కాలేజీ ప్రవేశానికి రాసే శాట్‌లో వ్యాసం 2021లోనే పోయింది, కొన్ని రాష్ట్రాలు బడుల్లో పెట్టించేది మాత్రం మిగిలింది. ఏసీటీలో రాత ఐచ్ఛికం. నలభై నిమిషాలు, రెండు నుంచి పన్నెండు దాకా మార్కు. బిడ్డ చేరదలిచిన కాలేజీ అడగకపోతే దానికి డబ్బు కట్టడం అనవసరం. ఇప్పుడు బరువంతా దరఖాస్తు వ్యాసం మీద పడింది. చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో అది 650 మాటలకు మించకూడదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాట్, ఏసీటీ చూడటం మానేసి, ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి ఒక్కోదానికి 350 మాటల్లోపు జవాబు అడుగుతుంది. ఇక్కడ కూడా మన తల్లిదండ్రులు చేసే పని నెట్‌లో దొరికిన నమూనా చూపించడం. దానికన్నా తాతగారి జీడితోట గురించో, ఇల్లు మారినప్పుడు బడిలో పడ్డ అవస్థ గురించో పిల్లల చేత మాట్లాడించి, వాళ్ళ మాటల్లోనే రాయనివ్వడం మేలు. ప్రశ్నలు ముందే బయట ఉంటాయి కాబట్టి పదకొండో తరగతి తర్వాతి వేసవిలోనే మొదటి చిత్తుప్రతి తయారవ్వాలి. చాలా కాలేజీల ముందస్తు గడువు నవంబరు 1కే ముగుస్తుంది.